నిఘంటువులో దొంగమాటలు

ఇంగ్లిషులో కాకులు గుంపు కడితే ‘మర్డర్’, గుడ్లగూబలు కూడితే ‘పార్లమెంట్’, లార్క్ పిట్టలు చేరితే ‘ఎగ్జాల్టేషన్’. పోటీ పరీక్షల గైడ్లలో ఇవన్నీ ఒకే పట్టికలో, ఒకే ఈడు మాటల్లా కనిపిస్తాయి. పిల్లలు బట్టీ పడతారు, మార్కులు తెచ్చుకుంటారు, మరిచిపోతారు. ఈ మాట ఎవరన్నారు, ఎప్పుడన్నారు అని ఒక్కరు అడిగితే చాలు, లైబ్రరీలో ఒక పూటకు సరిపడా పని దొరుకుతుంది. వెతకడం నేర్పడానికి పదవినోదాల పుస్తకాలను మించిన సాధనం లేదని నేననేది అందుకే.

ఈ మాటల వరస వేటగాళ్లది. 1486లో ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్ ఊళ్లో ఒక పుస్తకం అచ్చయింది. ఊరి పేరుతోనే దాన్ని పిలుస్తారు. డేగలతో వేట, జంతువుల వేట, వంశచిహ్నాలు అందులోని విషయాలు. ఏ గుంపును ఏమనాలో తెలియని పెద్దింటివాడు నవ్వులపాలయ్యే రోజులవి కాబట్టి ఒక జాబితా కూడా చేర్చారు. తీరా చదివితే అందులో జంతువులు, పక్షులతో పాటు మనుషులూ ఉంటారు. న్యాయమూర్తుల గుంపు ‘సెంటెన్స్’, వకీళ్లది ‘ఎలొక్వెన్స్’. సన్యాసినులది ‘సూపర్‌ఫ్లూయిటీ’, అంటే అవసరానికి మించినంతమంది. ఈ పుస్తకం జూలియానా బర్నర్స్ అనే సన్యాసిని పేరు మీదే చెలామణీ అవుతోందంటే ఆ చమత్కారం మరింత పండుతుంది. మొత్తానికి ఐదు వందల ఏళ్ల కిందటే ఇది సగం పాఠం, సగం పరిహాసం.

‘పార్లమెంట్’కు అంత వయసు లేదు. చాసర్ రాసిన పక్షుల సభ కావ్యం పేరును కొంటెగా తిప్పి, సి.ఎస్. లూయిస్ 1953 నాటి తన పిల్లల నవల ‘ద సిల్వర్ చెయిర్’లో ఒక అధ్యాయానికి పెట్టుకున్న పేరది. ఇక 1968లో జేమ్స్ లిప్టన్ ‘యాన్ ఎగ్జాల్టేషన్ ఆఫ్ లార్క్స్’ వేసి, పాత మాటలు ఏరి, వాటి పక్కన తాను పుట్టించినవీ చేర్చాడు. గైడు రాసేవాడికి ఈ తేడాలతో పనిలేదు. పరిశోధన నేర్చుకునేవాడికి పనంతా అక్కడే ఉంది.

తేడా పట్టుకునే పనిముట్టు ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు. 1857లో లండన్ భాషాశాస్త్ర సంఘంలో మొదలైన ఆలోచన, 1884లో తొలి భాగంగా, 1928లో పూర్తి నిఘంటువుగా బయటికొచ్చింది. ఊరూపేరూ లేని వేలమంది పాఠకులు పుస్తకాలు చదివి, వాక్యాలు చీటీల మీద ఎక్కించి పంపారు. అందుకే ప్రతి అర్థం కిందా ఏళ్లతో సహా ఉదాహరణలుంటాయి, అన్నిటికన్నా పాతది ముందు. విద్యార్థికి ఒక్కో మాటా ఇచ్చి మూడే అడగాలి: తొలి ప్రయోగం ఏ ఏటిది? ఏ పుస్తకంలోది? ఆ పుస్తకాన్ని నువ్వు చూశావా? మూడో ప్రశ్న దగ్గరే చెమట పడుతుంది.

నిఘంటువులో ఉంది కదా అని నమ్మేసేవాళ్లకు మరో రకం మాటలున్నాయి. 1934 నాటి వెబ్‌స్టర్ నిఘంటువులో ‘డార్డ్’ అనే మాట ఉంది, అర్థం సాంద్రత. అలాంటి మాటే లేదు! సాంద్రతకు పెద్ద డి గానీ చిన్న డి గానీ సంకేతంగా వాడొచ్చని ఒక చీటీలో రాసుంటే, ఆ ‘డి ఆర్ డి’ని కలిపి ఒకే మాటగా చదివేశారు. ఈ మాటకు వ్యుత్పత్తి ఇవ్వలేదేమని 1939లో ఒక సంపాదకుడికి అనుమానం వచ్చాక గాని దొంగ దొరకలేదు.

అది పొరపాటు. కావాలని వేసినవీ ఉన్నాయి. 1975 నాటి న్యూ కొలంబియా ఎన్‌సైక్లోపీడియాలో లిలియన్ వర్జీనియా మౌంట్‌వీజిల్ అనే ఫొటోగ్రాఫర్ జీవితచరిత్ర ఉంది. ‘కంబస్టిబుల్స్’ అనే పత్రిక పని మీద వెళ్లి పేలుడులో పోయిందట. ఆవిడ పుట్టనే లేదు. ఎవరైనా ఎత్తిరాస్తే పట్టుకోవడానికి పన్నిన వల అది. 2001లో న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు ‘ఎస్క్వివేలియన్స్’ అనే మాటను ఇలాగే దూర్చింది. అర్థం: చేయాల్సిన పనిని కావాలని ఎగ్గొట్టడం. ఎత్తిరాసేవాడి మీద విసురు అందులోనే ఉంది.

ఒక నిజమైన పేరూ ఒక మౌంట్‌వీజిలూ కలిపి ఇచ్చి, ఏది దొంగో తేల్చమంటే పిల్లలు వాళ్లంతట వాళ్లే రెండో విజ్ఞాన సర్వస్వం తెరుస్తారు, సూచికలు తిప్పుతారు. ఫోనులో వెతికితే పదిచోట్ల కనిపించొచ్చు. ఆ పదీ ఒకే చోటునుంచి ఎత్తినవైతే సాక్షి ఒక్కడే అని అప్పుడు తెలుస్తుంది. లైబ్రరీలో పుస్తకాలు సర్దే డ్యూయీ వర్గీకరణలో ఇంగ్లిషు నిఘంటువులు 423 కింద, పదాల ఆటలు 793 కింద ఉంటాయి. ఒకే సంగతికి రెండు అరల దగ్గరికి నడవాలి. పాఠకుడి సమయం ఆదా చెయ్యమని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో సూత్రం రాశారు గానీ, ఈ ఒక్క పాఠంలో దాన్ని కాస్త పక్కన పెట్టడమే మేలనిపిస్తుంది.

మనవైపు కోఠి ఫుట్‌పాత్‌ల మీద నార్మన్ లూయిస్ ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ ఇప్పటికీ అమ్ముడుపోతుంది. పదసంపదకు అది చాలు, పదాల వేటకు చాలదు. వేటకు మన సరుకు మనకుంది. శబ్దరత్నాకరం, బ్రౌను నిఘంటువు కావ్యాల ప్రయోగాలు చూపుతాయి. ఒక మాట ఇచ్చి, ఆ పద్యాన్ని అసలు కావ్యంలో వెతికి తెమ్మనొచ్చు. కాకపోతే చాలాచోట్ల ఈ పుస్తకాలు రిఫరెన్సు బీరువాలో ఉంటాయి. ముందు దాని తాళం తీయించాలి.