కొడిగట్టిన కన్ను

ఓ ఛాయాసఖీ! వెలుగును ఒడిసిపట్టి వెండి రేణువుల ఒడిలో నిద్రపుచ్చిన నిశితనేత్రీ, క్షణంలో శతాంశాన్ని శాశ్వతం చేసిన సూక్ష్మదర్శినీ, బీరువా అడుగు అరలో, పాత చీరల మూటల వెనుక, మౌనంగా మసకబారుతున్న నా మిత్రమా! తొర్రూరు తాటివనాల తలల మీద తొలిపొద్దు తొంగిచూసిన వేళల్లో నీ మూత తొలగించి, నిన్ను కంటికి హత్తుకొని, ఊపిరి బిగబట్టి, మంచు విడివడే మడికట్ల మధ్య మైమరచి నిలిచిన ఆ ఉదయాలన్నీ ఏ ఊరికి వలసపోయాయి? నిన్ను అడుగుదామంటే అడిగే ముఖం నాకెక్కడిది?

ఛాయాసఖీ, నీ చూపు నా ఇంట్లోనే కొడిగట్టింది కదా!

నీ లెన్సుకు ఫంగస్ పట్టింది. గాజు అంచున మొదలై, సన్నని తెల్లని పోగులుగా చీలి, మర్రి వేళ్ళలా మెల్లమెల్లగా నడిమికి పాకింది. సెల్లు కారి దాని గూడంతా పచ్చగా చిలుమెక్కింది. తోలు తొడుగు మీద బూజు. నీ నెత్తి మీది చిన్న కిటికీలో అంకె ముప్పై ఆరుకు చేరకుండానే నిలిచిపోయింది. అంటే రీలు నీ కడుపులోనే ఉంది! కడిగించని రీలులో బొమ్మ పుట్టీ పుట్టనట్టే ఉంటుంది. కాంతి తాకిన వెండి లవణం మీద కంటికి ఆనని గుర్తుగా కనిపెట్టుకొని ఉంటుంది, ఎవరో వచ్చి మందునీళ్ళలో ముంచి మేలుకొలుపుతారని. ఏటేటా మన ఎండాకాలపు వేడికి వెలిసి, వన్నె తరిగి, ఆ గుర్తు తనను తానే మరిచిపోతుంది. అందులో ఎవరున్నారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. సద్దుల బతుకమ్మ నాటి పగలు, తంగేడు మీద గునుగు, గునుగు మీద పట్టుకుచ్చులు వరుస తప్పకుండా పేరుస్తూ, నా వైపు చూడకుండానే నవ్విన మా అవ్వ ఉంది. అవ్వ పోయింది. ఆ నవ్వు నీ చీకట్లోనే ఉండిపోయింది.

ఛాయాసఖీ, నీ చూపు నా ఇంట్లోనే కొడిగట్టింది కదా!

తీరిక లేదన్నాను. ఎంత తేలికైన మాట! ఇక్కడికి దాపునే, పాలకుర్తి పక్కన బమ్మెరలో, కాడి పట్టిన చేతితోనే గంటం పట్టి భాగవతాన్ని తెనిగించిన పోతన్న పేరు ఇప్పటికీ ఆ పొలాల మీద తిరుగుతుంటుంది. మడిలో మట్టి కడుక్కొని మందారాలు పూయించిన ఆ మహనీయుడి గాలి పీలుస్తూ, నాకు తీరిక లేదని ఏ నోటితో అనగలిగాను? ఓరుగల్లు బిడ్డ భరత్ భూషణ్ ఉండేవారు. తెలంగాణ పల్లె గోడలను, తలుపులను, బతుకమ్మలాడే ఆడబిడ్డలను ఆప్యాయంగా అద్దంలోకి ఆవాహన చేసిన ఆ ఛాయాతపస్వి, క్యాన్సర్ కబళిస్తున్నా కన్ను తిప్పుకోలేదు. 2022 జనవరిలో ఆయన వెళ్ళిపోయారని విన్న రోజున నేను ఏడ్చాను. ఏడ్చి కూడా బీరువా తెరవలేదు.

ఛాయాసఖీ, నీ చూపు నా ఇంట్లోనే కొడిగట్టింది కదా!

నువ్వు నిద్రపోయిన నాళ్ళలోనే ఊరు తన రూపురేఖలు మార్చుకుంది. గూనపెంకుల కప్పులు కూలి స్లాబులు లేచాయి. జాజు పూసిన అరుగులు సిమెంటు కింద సమాధి అయ్యాయి. అద్దాల రవికల్లో ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా మోసుకొని అంగడికి వచ్చిన లంబాడా అవ్వలు ఒక్కొక్కరే అస్తమించారు. మిర్చి కల్లాలు మాత్రం మాఘమాసపు ఎండలో ఇంకా ఎర్రగానే మండుతున్నాయి. వాటినైనా నీకు చూపలేదు. 2024 సెప్టెంబరు మొదటి రోజున ఆకేరు అలిగి, ఆవేశంగా ఎగసి, మరిపెడ మండలంలో సీతారాం తండాను ముంచెత్తింది. ఆ వరదకు ముందు, ఏ వాకిట్లో ఏ పసివాడు ఏ మేకపిల్లను హత్తుకొని నిలుచున్నాడో మనం వెళ్ళి చూసి ఉండవలసింది. కూలే గోడను నువ్వు ఆపలేవు, పొంగే ఏటిని నిలపలేవు. ఉన్ననాళ్ళు వాళ్ళను ఒకరు ఆగి, కన్నార్పక, ప్రేమగా చూశారన్న సాక్ష్యం మాత్రం నీ దగ్గర మిగిలేది. ఇప్పుడు నా చేతిలో ఫోను ఉంది. అది తీసిన బొమ్మలు వేలల్లో ఉన్నాయి. వాటిలో ఒక్కదాని కోసమైనా నేను ఊపిరి బిగబట్టిన గుర్తు లేదు.

ఛాయాసఖీ, నీ చూపు నా ఇంట్లోనే కొడిగట్టింది కదా!

నీ రీలును వెనక్కి చుట్టి తీశాను. చుడుతుంటే నీ లోపలి పళ్ళు కిర్రుమన్నాయి, ఎన్నాళ్ళకో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు. దీన్ని కడిగేవాళ్ళను వరంగల్లులో వెతుకుతాను, లేకపోతే హైదరాబాదు పోతాను. అవ్వ నవ్వు మిగిలి ఉంటే గోడకు తగిలిస్తాను. మసకే మిగిలితే, ఆ మసకనే అచ్చు వేయించి అక్కడే తగిలిస్తాను. అదీ నేను తీసిన బొమ్మే.