వన్నెలు మరలివచ్చిన క్వైదాన్

ముప్పది యేండ్ల క్రిందట ఒక చలనచిత్ర సమాజమువారు అద్దె హాలులో ప్రదర్శించిన పాత ప్రతిలో నేను 'క్వైదాన్' చిత్రమును మొదటిసారి చూచితిని. తెరపై నున్నదంతయు కుంకుమ కలిపిన నీట ముంచి తీసినట్లు ఎఱ్ఱబారి యుండెను. మంచు ఎఱుపు, రాత్రి ఎఱుపు, తుదకు దయ్యపు ముఖము సైతము ఎఱుపు. ప్రొజెక్టరు రొదకు తోడు అరిగిపోయిన ఫిలిమునుండి చిటపటలు ఎడతెగక వినవచ్చుచుండుటచే, పాత్రలు మౌనము వహించిన ఘట్టములలో గూడ హాలులో నిశ్శబ్దమన్నది లేకపోయెను. ఇందులో భయపడవలసిన దేమున్నదని నాడు నిరాశతో ఇంటికి వచ్చితిని. ఇటీవల ఆ చిత్రమే పునరుద్ధరింపబడి బ్లూ-రే డిస్కుగా నా చేతికి అందగా, ఒక రాత్రి దీపములార్పి మూడు గంటలసేపు కదలక చూచిన పిమ్మట, నాడు హాలులో నేను చూచినది ఆ చిత్రము యొక్క కళేబరము మాత్రమేయని తెలిసికొంటిని.

1964లో జపానునందు మసాకి కొబయాషి తీసిన ఈ చిత్రమున నాలుగు కథలు గలవు. ఆ నాలుగింటికి మూలము లాఫ్కాడియో హెర్న్ రచనలు. గ్రీకు తల్లికి, ఐరిష్ తండ్రికి 1850లో జన్మించి, అమెరికాలో పత్రికారచయితగా జీవించి, 1890లో జపాను చేరి, అచ్చటి స్త్రీని వివాహమాడి, ఆ దేశపు పౌరుడై, 1904లో అచ్చటనే కన్నుమూసిన ఈ విచిత్ర పురుషునకు ఆ కథలలో ననేకము చెప్పినది ఆయన భార్య సెత్సు. పుస్తకము చూచి చదువవలదు, నీ మాటలలో నీవు చెప్పుమని ఆయన ఆమెను కోరెడివాడట. ఆ సంగతి నాకెప్పుడు గుర్తు వచ్చినను మన యిండ్లలో దీపము తగ్గించి అమ్మమ్మలు చెప్పిన కథలు మనసున మెదలును. దయ్యపు కథకు కాగితము కంటె కంఠమే తగిన ఆశ్రయము.

జపానువారి దయ్యపు కథకు 'కైదాన్' అని పేరు. దానిని పాత పద్ధతిలో 'క్వైదాన్' అని వ్రాసెడివారు. జపాను చరిత్రలో 'ఎడో' యను యుగమున రాత్రివేళ జనులు ఒకచోట చేరి, నీలికాగితపు దీపములలో నూఱు వత్తులు వెలిగించి, ఒక్కొక్క కథ ముగిసినప్పుడెల్ల ఒక్కొక్క వత్తి ఆర్పుచు పోయెడివారు. నూఱవది ఆఱిన చీకటిలో నిజముగనే ఏదియో వచ్చునన్న శంకచే తొంబదితొమ్మిదవ కథతో ఆపుటయు నుండెను. ఈ సంప్రదాయమే 1776 నాటి ఉయెద అకినారి కథలలోను, వేసవి ఉక్కలో ప్రేక్షకుల వెన్నున చలి పుట్టించుటకై ఆడిన కబుకి నాటకములలోను విస్తరించి, మిజోగుచి 1953లో తీసిన 'ఉగెత్సు' వంటి చిత్రముల ద్వారా తెరమీదికి వచ్చెను. ఇందలి దయ్యము ఊరక వచ్చి పీడించునది కాదు. బ్రదికియున్నవాడు తప్పిన మాట, విడిచిన భార్య, మఱచిన ఋణము, యుద్ధములో మునిగిన పసిప్రాణము, ఇవి తీరక మిగిలినచోట దయ్యము నిలుచును. కావున ఈ కథలలో భీతి పుట్టుచోటనే జాలియు పుట్టుచుండును. ఒకదానినుండి మఱియొకదానిని విడదీయ సాధ్యము గాదు. ఈ సంప్రదాయమును నేను గౌరవించుటకు మొదటి కారణ మిదియే.

కొబయాషి వసేద విశ్వవిద్యాలయమున తూర్పు దేశముల కళాచరిత్ర చదివినవాడు. యుద్ధకాలమున సైనికుడుగా మంచూరియాకు పంపబడి, అందు పదోన్నతిని నిరాకరించి, తుదకు ఒకినావాలో బందీయై యుండి వచ్చినవాడు. 'హరకిరి' వంటి నలుపు తెలుపు చిత్రములలో అధికారపు క్రౌర్యమును నిష్కర్షగా చూపిన ఆయనకు 'క్వైదాన్' తొలి వర్ణచిత్రము. తాను కోరినంత విశాలమైన స్టూడియో దొరకక, వాడుక మానిన విమానశాల నొకదానిని తీసికొని, అందులో అడవులను, మంచు మైదానములను, సముద్రమును కట్టించెను. ఆకాశమును సైతము చేతితో చిత్రించిన తెరలపై నిలిపెను. కళాదర్శకుడు షిగెమస తోద, ఛాయాగ్రాహకుడు యోషియో మియజిమ. నిజమైన అడవి ఉండగా గుడ్డమీది అడవి యేల యని ప్రశ్నించువారు కలరు. నిజమైన అడవికి మన మనసుతో పని లేదు; ఎండ వచ్చిన వెలుగును, మబ్బు పట్టిన చీకటి పడును. గుడ్డమీది ఆకాశమో, లోకము మాఱినదని పాత్ర గ్రహింపకమునుపే, ఆ మార్పును రంగుతో ప్రేక్షకునకు తెలుపగలదు. ఈ చిత్రములో దయ్యము తలుపు తట్టి రాదు. ముందుగా వెలుగు మాఱును.

మొదటి కథ 'నల్లని కురులు'. దారిద్ర్యమునకు ఓర్వలేని సమురాయి యొకడు కియోతోలో నేతపనితో తన్ను పోషించిన భార్యను విడిచి, ధనికుల యింటి కన్యను పెండ్లాడి, ఏండ్లు గడచిన పిదప పశ్చాత్తాపముతో తిరిగివచ్చును. ఇల్లు పాడుపడియున్నది, గడ్డి మొలచిన గడపకు అవతల భార్య మాత్రము చెక్కుచెదరక, నిష్ఠురమొక్కటి ఆడక, ఆదరముతో ఎదురువచ్చును. తెల్లవాఱి చూచినచో ప్రక్కనున్నది ఎముకలు, కురులు. ఇంతవఱకు ఏ దేశపు కథకుడైనను చెప్పగలడు. ఇక్కడినుండి తోరు తకెమిత్సు అను సంగీతకర్త చేసిన పని వినవలసినది. ఆయన వాద్యములను ప్రక్కన బెట్టి, కట్టెలు చీలునప్పుడును విఱుగునప్పుడును పుట్టు ధ్వనులను టేపుపై పట్టి, వానిని సాగదీసి, తునుకలు చేసి, దృశ్యమునకు సరిపడకుండ వాడెను. సమురాయి పుచ్చిన పలకలపై పడిలేచుచు పరుగెత్తును. ఆ పాటునకు చప్పుడుండదు. చప్పుడు వేఱొక క్షణమున, వేఱొకచోట, ఎవరును ఏమియు చేయనప్పుడు ఫెళ్లుమనును. కంటికిని చెవికిని ఉన్న నమ్మకము తెగినచో మనుష్యుని క్రింద నేల లేదు. నేను హాలులో చూచిననాడు ఈ నిశ్శబ్దమంతయు చిటపటలతో నిండిపోయినది. నిశ్శబ్దము లేనిచోట ఆ ఫెళ్లుమను ధ్వనికి విలువ లేదు. మూడు దశాబ్దముల తరువాత 'రింగు' చిత్రమున లోకమును వడకించిన నల్లని కురులకు ఇది పూర్వరూపమని పలువురందురు గాని, ఆ కురులవెనుక నున్న ఈ మౌనమును అనుకరించినవారు తక్కువ.

రెండవదానిని పిమ్మట చెప్పెదను. మూడవది హోయిచి కథ. చిత్రమునకు గుండెకాయ వంటిది. 1185లో దన్-నో-ఉర సముద్రయుద్ధమున హెయికె వంశము పసివాడైన చక్రవర్తి ఆంతోకుతో కూడ నీటిలో కలిసిపోయెను. ఆ తీరమందలి ఆలయములో, బీవా యను తంత్రీవాద్యమును మీటుచు ఆ యుద్ధగాథను పాడు అంధుడు హోయిచి. మృతులైన ఆ రాజకుటుంబమువారే రాత్రుల తమ మరణకథను తాము వినుటకై వానిని పిలిపించుకొందురు. చచ్చినవారు తమ చావును పాటగా విని విలపించుటకంటె ఆర్ద్రమైన భావన దయ్యపు కథలలో నేనెఱుగను. వానిని కాపాడుటకై ఆలయాచార్యుడు దేహమంతట ప్రజ్ఞాపారమితా హృదయసూత్రమును కుంచెతో వ్రాయించును; చెవులు మాత్రము మఱచును. వచ్చిన ప్రేతయోధునకు గాలిలో వ్రేలాడు రెండు చెవులు తప్ప మఱేమియు కనబడదు.

తెలుగువాడు ఈ ఘట్టమును పరదేశపు వింతగా చూడజాలడు. ఆ దేహముపై నున్న అక్షరములు చీనాలిపివైనను వాని అర్థము సంస్కృతమునుండి పోయినది. ఆ సూత్రము చెప్పు శూన్యతను శాస్త్రముగా నిలిపిన నాగార్జునాచార్యుని పేరు మన కృష్ణాతీరమున ఒక కొండకే నిలిచియున్నది. కన్ను, చెవి మొదలగు ఇంద్రియములకు స్వభావసిద్ధమైన ఉనికి లేదని బోధించు సూత్రమది. ఆ బోధను శరీరమున ధరించినవాడు దయ్యమునకు శూన్యమై పోవుటయు, బోధ అంటని చెవులు మాత్రమే 'ఉన్నవి'గా మిగిలి తెగిపోవుటయు, అక్షరాలా తత్త్వమే కథ యగుట. కొత్త ప్రతిలో హోయిచిగా నటించిన కాత్సువో నకమురా చెంపలపై ఒక్కొక్క అక్షరపు సిరా అంచును, బీవా తంతులపై వాద్యకారిణి కిన్షి త్సురుత మీటిన దెబ్బ తగ్గి మౌనమగు వ్యవధియు స్పష్టములు. ఆ వ్యవధిలోనే దయ్యము వచ్చును.

నాలుగవ కథ చిన్నది. తేనీటి పాత్రలో కనబడిన అపరిచిత ముఖమును త్రాగివేసిన భటుని కథ, రచయిత ముగింపక విడిచినది. దీనిని బలహీనమని తీసివేయువారితో నేను ఏకీభవింపను. నూఱవ వత్తి ఆర్పరాదను పాత మర్యాదను కొబయాషి ఇచ్చట పాటించెనని నా నమ్మకము.

చిత్రము మొదట 183 నిమిషములు. 1965లో కాన్ చిత్రోత్సవమున జ్యూరీ ప్రత్యేక బహుమతి పొందిన దీనిని విదేశములకై కుదించిరి. అమెరికా హాలులలో తిరిగిన ప్రతులనుండి రెండవ కథ 'మంచు వనిత' పూర్తిగా తొలగింపబడెను. క్రైటీరియన్ సంస్థ 2000లో తెచ్చిన డి.వి.డి. గూడ 161 నిమిషములదే. 2015లో తెచ్చిన బ్లూ-రేలో దర్శకుని సంపూర్ణ ప్రతిని 2కె డిజిటల్ పద్ధతిలో పునరుద్ధరించి యిచ్చిరి. చిత్రము తీసిన కాలపు వర్ణ ఫిలిమ్ ప్రతులలో నీలిఛాయ నిచ్చు రంజకము తక్కినవానికంటె త్వరగా నశించుటచేత బొమ్మ క్రమముగా ఎఱుపెక్కును. నాడు నేను చూచిన ఎఱుపునకు కారణ మదియే. ఆ నీలిమ నీరుకారి పోయినచో ఈ చిత్రమందలి దయ్యములకు నివాసము పోయినట్లే.

ఆ రెండవ కథనే తుదకు ఉంచితిని. మంచు తుఫానులో చిక్కిన మినొకిచి యను కట్టెలు కొట్టువానిని యౌవనము చూచి జాలిపడి విడిచిన మంచు వనిత, ఈ సంగతి ఎవ్వరికిని చెప్పరాదని ఒట్టు పెట్టును. తరువాత యుకి యను యువతి వానికి భార్యయై, ముగ్గురు బిడ్డల తల్లియై, కుట్టుపని చేసికొనుచు దీపపు వెలుగులో కూర్చుండును. ఆ ముఖము చూచి వాడు ముచ్చటగా పాతకథ చెప్ప మొదలిడును. యుకిగా నటించిన కెయికో కిషి కదలదు, కనుఱెప్ప వేయదు, ఆమె చెక్కిళ్లపై దీపపు పసిమి మెల్లగా తొలగి నీలము ప్రాకును. అంతే. నాటి హాలులో ఆమె ముఖము మొదటినుండి చివరివఱకు ఒక్కటే ఎఱుపు. ఏమి జరిగినదో నాకు తెలియనే లేదు.

ఆమెయే ఆ మంచు వనిత. ఒట్టు తప్పిన భర్తను బిడ్డలకొఱకు ప్రాణముతో విడిచి వెడలిపోవును. మినొకిచిగా నటించిన తత్సుయ నకదాయి తలుపు తెఱచి, ఆమెకని తాను అల్లిన చెప్పులను బయట మంచుపై ఉంచును. నీలి మంచుమీద ఎఱ్ఱని పట్టీలు. క్షణమునకు అవి అచ్చట ఉండవు.