కిన్నెరసాని పాటలలోని అడవి

విశ్వనాథ సత్యనారాయణగారి ‘కిన్నెరసాని పాటల’ను గూర్చి మన విమర్శకులు వ్రాసినది కొంచెము కాదు. కరుణరస పోషణమును, తెలుగుదనమును, మాత్రాఛందస్సు నడకను ఎల్లరును మెచ్చిరి. ఆ మెప్పు న్యాయమే. కాని కిన్నెర పాఱిన అడవిని గూర్చి వారు పలికినది మాకు తోచినంతవఱకు మిక్కిలి స్వల్పము. ఆ యడవికి కావ్యమున గల స్థానమెట్టిది, నేడు ఆ యేటికి పట్టిన దశను ఎఱిగినవాడు ఆ పాటలను ఎట్లు చదువవలెను అను విషయమును ఇచట విచారింప దలంచితిమి.

కథ అందఱెఱిగినదే. అత్త పెట్టిన ఆరడికి ఓర్వలేక కిన్నెర అడవికి పరుగెత్తినది. వెంటబడి వచ్చిన భర్త కౌగిట బట్టగా ఆమె కరగి నీరై పాఱినది. అతడు శిలయై నిలిచిపోయెను. పిదప కడలి ఆమెను కామించుటయు, గోదావరి ఆమెను తనలో జేర్చుకొని కాపాడుటయు జరిగినవి. దీనికి ఆధారము నిజమైన యేఱు. అది ములుగు ప్రాంతపు కొండలలో బుట్టి, పాల్వంచ అడవులగుండ బాఱి, భద్రాచలమునకు దిగువ గోదావరిలో గలియును. ‘కిన్నెర నడకలు’ అను ఖండమున నీరు రాతిని ఒరసి తొలగుట, వాలున త్వరపడుట, లోతున మెల్లగిల్లుట పాదముల లయలోనే వినిపించును. మన ప్రబంధములందలి వనవర్ణనము తఱచుగా వృక్షనామముల పట్టిక. ప్రాసకు వలసిన చెట్టు ఏ దేశపుదైనను అచట మొలచును. విశ్వనాథవారు ఆ పట్టికను విడిచి యేటిని పట్టుకొనిరి. ఇది పెద్ద మార్పు.

అయినను ఒక కొఱత చెప్పక తప్పదు. కథను నడపువారు కిన్నెర, ఆమె భర్త, అత్త, గోదావరి, కడలి. ఆ యడవిలో తరతరములుగా నున్న కోయలు గాని కొండరెడ్లు గాని ఇందు పాత్రలు కారు. దుఃఖము ఊరినుండి అడవికి వచ్చినది; అడవికి తనదైన దుఃఖము లేదు. పాఠకుడు స్త్రీకొఱకు కన్నీరు పెట్టును, ఏటిని మఱచును.

దీని ప్రక్కన పెట్టి చదువదగిన గ్రంథము ఫ్యూరర్ హైమెండార్ఫు 1945లో ప్రకటించిన కొండరెడ్ల చరిత్రము. పాపికొండలను ఆయన అడవిదున్నల కొండలని పేర్కొనెను. అది కావ్యము కాదు, మానవశాస్త్రము. అయినను కొండవాలున చెట్లు నఱికి కాల్చి, కఱ్ఱమొనతో గుంట చేసి విత్తు పోడు సేద్యమును, జీలుగు కల్లును, వెదురు నఱికించు గుత్తేదారుల దోపిడిని అందు చూచినవాడు ఆ యడవికి గల దుఃఖమేదో తెలిసికొనును. పోడే అడవికి శత్రువని మన పాఠ్యపుస్తకములు పలుకుట తొందరపాటు. నాలుగు కారులు పండించి విడిచిన వాలు చాలయేండ్లు విశ్రమించినచో మరల చిగిర్చును. పల్లపు భూములు ఇతరుల పాలై, అడవి హద్దులు బిగిసిన పిదప ఆ విశ్రాంతి కఱవైనది. నేడు పత్తి పండించు పోడు హైమెండార్ఫు చూచిన పోడు కాదు. రెంటిని ఒక్క మాటతో నిందించుటగాని సమర్థించుటగాని తగదు.

ఇక యేటి సంగతి. 1960 దశకమున పాల్వంచ సమీపమున కిన్నెరసానికి అడ్డుగా ఆనకట్ట వెలసినది. ఆ నీరు కొత్తగూడెపు థర్మల్ విద్యుత్కేంద్రమునకు ఆధారమైనది. 1977లో జలాశయము చుట్టునున్న 635 చదరపు కిలోమీటరుల అడవి అభయారణ్యమైనది. అందు అడవిదున్నలు, కణుజులు, దుప్పులు గలవు. నిలిచిన నీట మొసళ్లు చేరినవి. ఆనకట్ట యేటి నడకను ఆపినది; ఆ నీటి చుట్టు అడవికి రక్షణయు లభించినది. ఈ చిక్కును దాచి కంటతడి పెట్టుట విమర్శ కాదు. భర్త శిలయై నిలుచుటలో కవి ఆనకట్టను ముందే చూచెననుట మఱింత అసంగతము. మేము చెప్పునది ఇంతియే: పట్టబోయిన చేతికి అందక పాఱుటయే కిన్నెర స్వభావమని కావ్యము పలుకుచున్నది, ఆ స్వభావము నేడు తూములకు లోబడినదని ఎఱుగనివాడు ‘నడకలు’ అను మాటను సగమే చదివినవాడు.

సారపాకలో 1979 ప్రాంతమున కాగితపు అట్టల మిల్లు పని మొదలుపెట్టినది. మొదట వెదురు, తరువాత రైతుల పొలములందలి జామాయిలు, సుబాబులు దానికి ముడిసరకైనవి. అడవి వెదురుపై భారము తగ్గుట మేలే. కాని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఒక హెక్టారునకు తక్కువ గాక, నూటికి పదిపాళ్లకు మించి కొమ్మల నీడ గల భూమినెల్ల, చెట్టు ఏజాతిదని అడుగక, అటవీ ఆచ్ఛాదనముగా లెక్కించును. జామాయిలు తోటయు, ఇప్ప, నల్లమద్ది, తునికి, జీలుగు కలిసి పెరిగిన అడవియు ఆ లెక్కలో ఒక్కటే. ‘రమ్యమైన అటవీవర్ణనము’ అని వ్రాసి ముందునకు సాగు మన వ్యాసముల తీరును ఇట్టిదే. ఏ చెట్టు, ఏ పిట్ట, ఏ వాగు అని అడుగని విమర్శకు అడవి తఱిగినను తెలియదు.

కావున ‘కిన్నెరసాని పాటల’కు స్థలవ్యాఖ్య గల ముద్రణమొకటి కావలెనని మా యభిప్రాయము. పరిశోధక విద్యార్థులు పాల్వంచనుండి సంగమమువఱకు ఏటివెంట నడచి, చెట్లకు, చేపలకు, మడుగులకు, గుట్టలకు కోయలు, కొండరెడ్లు వాడు పేర్లను వారి నోట విని సేకరింపవలెను. పోలవరము ముంపునకు గుఱియగు పల్లెలందు ఈ పని ముందుగా జరుగవలెను. ఊరు కదలినచో పేర్లు చెదరును.

ఇది భాషాశాఖకు తగని పనియని కొందఱు తలంపవచ్చును. 2006 నాటి అటవీ హక్కుల చట్టము వన్యప్రాణులను, అడవిని, జీవవైవిధ్యమును, నీటి మూలములను కాపాడు అధికారమును గ్రామసభకు ఇచ్చినది. ఆ చట్టపు నియమములు హక్కుల విచారణలో పెద్దలు చెప్పి వ్రాయించిన మాటను సాక్ష్యముగా అంగీకరించుచున్నవి. వాగు పేరు, గుట్ట పేరు, ఇప్పచెట్ల తావు పేరు శ్రద్ధగా వ్రాసిన పుస్తకము గ్రంథాలయమునకే గాక గ్రామసభకును పనికివచ్చును.