కాళ్లు పైకెత్తిన బొద్దింక

1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో విడుదలైన సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ తొలి బోర్డుల మీద ఒక చిప్ కాళ్లు పైకెత్తి వెల్లకిలా పడుంటుంది, చుట్టూ వైర్లతో. చేతకాని మెకానిక్ ఎవడో చేసి వదిలేశాడనుకుంటాం. ఆ పని ఫ్యాక్టరీదే. యూఎల్‌ఏ అనే కీలకమైన చిప్‌లో లోపం దొర్లితే, కొత్తది తయారయ్యేదాకా ఆగకుండా ఈ అతుకు వేసి అమ్మేశారు. దానికి పడిన పేరు ‘చచ్చిన బొద్దింక’. తర్వాతి బోర్డులో బొద్దింక పోయి, ప్రాసెసర్ మీదికి ‘సాలీడు’ అనే ట్రాన్సిస్టర్ ఎక్కింది. బోర్డు శుభ్రం చేద్దామని వీటిని పీకేస్తే నడిచే మెషిన్ కాస్తా ఆగిపోతుంది.

అందుకే మల్టీమీటర్ పట్టుకునే ముందే ఏ అతుకు కంపెనీది, ఏది తర్వాతి చేతులది అని తేల్చుకోవాలి.

మెమరీ సంగతి మరీ విచిత్రం. 48కె మోడల్‌లో పై 32కె కోసం వాడిన ఎనిమిది చిప్‌లూ అసలు రెట్టింపు మెమరీ ఉన్నవి. తయారీలో ఒక సగం చెడితే మిగతా సగం కోసం చవగ్గా కొన్నారు. పొదుపంటే సింక్లెయిర్‌దే! ఏ సగం వాడాలో బోర్డు మీది చిన్న లింకు నిర్ణయిస్తుంది. ఒక చిప్ పోయిందని రెండో సగం బాగున్న చిప్ తెచ్చి పెడితే కథ మళ్లీ మొదటికొస్తుంది. రెండు సగాలూ బాగున్న 4164 రకమైతే ఆ బెడద లేదు. పై మెమరీ మొత్తం పోయినా మెషిన్ కిక్కురుమనదు, 16కె మోడల్‌లా మామూలుగానే లేస్తుంది. ‘ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733’ అని కొట్టి చూడాలి. 65535 వస్తే అంతా క్షేమం. 32767 వస్తే పై 32కె లేనట్టే.

కింది 16కెలోని 4116 చిప్‌లకు 5, 12, మైనస్ 5 వోల్టులు మూడూ కావాలి. మైనస్ 5 తప్పిపోయి 12 మిగిలితే చిప్‌లు కాలిపోతాయి. ఈ రెండు వోల్టేజీలకూ మూలం ఒక చిన్న కాయిల్, టీఆర్4 అనే ట్రాన్సిస్టర్; ముందు అనుమానించాల్సింది ఈ ట్రాన్సిస్టర్‌నే. అడాప్టర్ ప్లగ్‌లో మధ్యది నెగటివ్ అని మరిచి తారుమారుగా ఇచ్చినా బోర్డుకు దెబ్బే. ఇప్పుడు 5 వోల్టులతోనే నడిచే మెమరీ మాడ్యూల్ వేసి, చెడిన టీఆర్4ను అలాగే వదిలేసేవాళ్లున్నారు. మెమరీ బాగానే ఉంటుంది. కానీ రంగులిచ్చే చిప్‌కు కూడా ఆ 12 వోల్టులే ఆధారం గనక బొమ్మలో రంగులు మాయమవుతాయి. పాపం, నింద యూఎల్‌ఏ మీద పడుతుంది.

ఇక టీవీ సాకెట్. చాలా మెషిన్లలో లోపలి మాడ్యులేటర్‌ను తప్పించి కంపోజిట్ వీడియోను నేరుగా ఆ సాకెట్‌కే కలిపేస్తారు. అది తెలియక యాంటెనా కేబుల్ పెట్టి ఛానెల్ 36 కోసం ఎంత వెతికినా తెర మీద చుక్కలే. కొందరు సేకర్తలు అసలు రూపం పోయిందని ఈ మార్పును విప్పించేస్తారు. నాకది నచ్చదు. అనలాగ్ ట్యూనర్ లేని టీవీకి ఈ కంప్యూటర్‌ను కలపడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు, పైగా బొమ్మ కూడా మెరుగ్గా వస్తుంది.