తుమ్మముల్లు దిగినచోట మేస్త్రీ పని

కోస్గి దిక్కు కందిచేనులో కాలికి తుమ్మముల్లు దిగితే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, రాత్రంతా సలుపుతుంది. సలుపును తిట్టుకుంటాం గానీ, చర్మం కింద సాగే పనితనం చూస్తే ముచ్చటేస్తుంది.

ముందు న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఎగబడతాయి. సూక్ష్మజీవులను చంపి, తామూ చస్తాయి. చీములో ఎక్కువ భాగం అవే. అసలు మేస్త్రీ మాక్రోఫేజ్ అనే ఇంకో కణం. ఎముక మూలుగలో పుట్టి, మోనోసైట్‌గా రక్తంలో తిరిగి, ఒకటి రెండు రోజులకు నాళం గోడ సందుల్లోంచి గాయంలోకి దిగుతుంది. 1882లో మెస్సీనాలో శాస్త్రవేత్త మెచ్నికోవ్ నక్షత్రచేప లార్వాకు గులాబీ ముల్లు గుచ్చితే చుట్టూ మూగినవి ఇలాంటి మింగుడు కణాలే.

చచ్చిన న్యూట్రోఫిల్‌ను మింగాక మాక్రోఫేజ్ తీరు మారుతుంది. అప్పటిదాకా ఐఎల్-6 లాంటి వాపు సంకేతాలు పంపినది, వాటిని తగ్గించి కట్టుబడికి దిగుతుంది. ఆక్సిజన్ అందని చోట వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ వదులుతుంది. అది ఎటు చిక్కగా ఉంటే అటు, పక్క రక్తనాళపు కొసకణం సన్నటి పోగులు చాపుకుంటూ కదులుతుంది. ఎదుటి నుంచి ఇంకో మొలక వస్తుంది. ఎలుక పిండం మెదడులో ఈ రెండు కొసలూ కలిసే చోట మాక్రోఫేజ్ రెండింటినీ తాకుతూ కనిపించింది. మాక్రోఫేజ్‌లు లేని పిండాల్లో అలాంటి కలయికలు తగ్గాయి. మేస్త్రీ అన్నది ఊరికే కాదు.

గాయం పూడాక పని ఆపడమూ ఈ నేర్పులో భాగమే. కణితి దగ్గర ఆ ఆపడం ఉండదు. కేన్సర్ కణితులు మానని గాయాలని 1986లో శాస్త్రవేత్త డ్వోరాక్ అన్నది అందుకే. కొత్త నాళాలు అందకపోతే కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటడం కష్టం. అందుకని సీఎస్‌ఎఫ్-1 అనే సంకేతం పంపి మాక్రోఫేజ్‌లను రప్పించుకుంటుంది. అవి పుండు దగ్గర చేసే పనే ఇక్కడా చేసిపెడతాయి. 2006లో శాస్త్రవేత్త పొలార్డ్ బృందం రొమ్ము కేన్సర్ ఎలుకల్లో వాటి రాకను తగ్గిస్తే నాళాల అల్లిక ఆలస్యమైంది.

ఈ సంకేతాలను అడ్డుకునే మందులు తెచ్చిన హెటిరో కంపెనీకి, కోస్గి ఉన్న పాత పాలమూరు జిల్లాలోనే, జడ్చర్లలో బయోలాజిక్స్ ప్లాంటు ఉంది. 2021లో కోవిడ్ రోగులకు అనుమతి పొందిన వాళ్ల టొసిలిజుమాబ్ ఐఎల్-6 సంకేతానికి అడ్డుపడుతుంది. 2016లో ఆ కంపెనీ తెచ్చిన బెవాసిజుమాబ్ వీఈజీఎఫ్‌ను పట్టేస్తుంది. అయితే వీఈజీఎఫ్ కణితిదా, కుట్లు వేసిన చోటిదా అన్న తేడా ఈ మందుకు తెలియదు. అందుకే ముందే అనుకున్న ఆపరేషన్ అయితే, కనీసం 28 రోజుల ముందు దీన్ని ఆపేస్తారు.