బోరింగు విప్పే సామాను

పుంగనూరు, సోమల వైపు నేల రాతినేల. నీళ్లు రాతి నెర్రెల్లో దాక్కుంటాయి. అవి లోతుకు జారిపోతే ఎంతటి మెకానిక్కయినా బోరింగును బతికించలేడు. నీళ్లుండీ పిడి ఊరికే ఊగుతుంటే మాత్రం ముందు పిస్టను వాచరును అనుమానించాలి. వాచరు అరచేతిలో ఇమిడిపోతుంది. అది ఉండే చోటే నూరడుగుల కింద.

వీధుల్లో మనకు ఎక్కువగా కనిపించేది ఇండియా మార్క్ 2. అంతకుముందున్న పోత ఇనుప పంపులు ఊరంతా కొడితే తట్టుకోలేక విరిగేవి. 1970లలో షోలాపూర్ పంపు ఆధారంగా యూనిసెఫ్, ప్రభుత్వరంగ సంస్థ రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ దీన్ని రూపొందించాయి. 1979లో ఐఎస్ 9301 ప్రమాణం వచ్చింది. దాంతో సోమల బోరింగుకు కొన్న సామాను కుప్పం బోరింగుకూ పనికొస్తుంది.

వాచరు మార్చే పని ఇలా సాగుతుంది. తల విప్పి, చైను నుంచి రాడ్డు విడదీస్తారు. అది కిందికి జారకుండా వైసు పట్టుకుంటుంది. తర్వాత నీళ్ల ట్యాంకు లేపి, పైపుకు క్లాంపు వేస్తారు. మూడు మీటర్ల పైపు ఒక్కోటి పది కిలోల దగ్గర తూగుతుంది. పది పైపులు, లోపలి రాడ్లు, నిలిచిన నీళ్లు కలిస్తే నూటయాభై కిలోల మాట. ఇద్దరు ముగ్గురు లిఫ్టర్లనే పనిముట్లతో పైపులు పట్టి ఎత్తుతారు, ఒకరు క్లాంపు దగ్గర కాచుకుంటారు. బరువు దిగగానే క్లాంపు తనంతట తానే బిగుస్తుంది. నన్నడిగితే సామాను మొత్తానికీ ప్రాణం ఇదే. క్లాంపు లేకుండా తాడు కట్టి, గడ్డపార అడ్డం పెట్టి ఎత్తబోతే, చేయి జారిందంటే పైపుల వరుసంతా బోరులోకి పోతుంది. దాన్ని తీయడానికి గాలం లాంటి ఇంకో పనిముట్టు వెతుక్కోవాలి. పక్కనున్నవాళ్ల వేళ్ల సంగతి దేవుడెరుగు!

  

రెంచీలు, మామూలు స్పానర్లు హార్డ్‌వేరు అంగట్లోనే దొరుకుతాయి. లిఫ్టరు, కప్లింగు స్పానరు, బేరింగు ఎక్కించే గొట్టం లాంటివాటికి పాతది నమూనాగా తీసుకెళ్తే మంచి లేతు పనివాడు చేసిస్తాడు. క్లాంపు మాత్రం చేయించొద్దు. 32 మిల్లీమీటర్ల పైపుకు సరిపోయేది చూసి కొనండి. అక్కడ మిగిల్చిన డబ్బు మిగిలినట్టు కాదు.

ఈ మోతబరువంతా తప్పించాలనే మార్క్ 3 చేశారు. అందులో పైపు 65 మిల్లీమీటర్లు. పిస్టను రాడ్డుతో పాటు పైపులోంచే పైకి వస్తుంది, పైపుల వరుస కదలదు. మీ ఊళ్లో ఉన్నది ఏ రకమో ముందు చూసుకోండి.

ఒక్క బోరింగు కోసం కొన్న సామాను ఏడాదంతా మూలన తుప్పు పడుతుంది. నాలుగు పల్లెలు కలిసి ఒక సెట్టు కొనుక్కోండి. క్లాంపు ఎవరింట్లో ఉందో ఊరి గోడ మీద రాసి పెట్టండి.