మొదటి పుట మీద లేని పేరు

నర్సాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి. అక్కణ్ణించి కోనసీమ. గోదావరి డెల్టాలోని మాలపేటలకీ మాదిగపేటలకీ సువార్త వచ్చిన దారుల్లో నర్సాపురం, పాలకొల్లు దారి పాతది. ఎవరు తెచ్చారని అడిగితే బౌడెన్ దొర, బీర్ దొర అని తెలిసినవాళ్ళు చెప్తారు. దొరసానుల పేర్లేమిటని అడిగితే? మేం కూడా చాలాకాలం 'దొరసాని' అన్న మాట దగ్గరే ఆగిపోయాం. ఇద్దరి పేరూ ఎలిజబెతే. ఆ ఆగిపోవడం గురించే ఈ వ్యాసం.

భర్త పక్కన నిలబడి పరిచర్య చేసిన క్రైస్తవ భార్యను మన పుస్తకాలూ మన ప్రసంగాలూ ఎట్లా చూపించాయి అన్నది మా ప్రశ్న. ఆమె విశ్వాసాన్ని మేం శంకించటం లేదు. ఆ విశ్వాసాన్ని పొగిడే భాషని శంకిస్తున్నాం. పొగడ్త ఎక్కువైన చోట లెక్క తగ్గుతుందని కూలి జనానికి ఒకరు చెప్పనక్కర్లేదు.

ముందు మూడు పుస్తకాల మొదటి పుటలు చూద్దాం.

మొదటిది. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ 1836లో బౌడెన్, బీర్ దంపతుల్ని ఇంగ్లండు నుంచి తెలుగు దేశానికి వెంటబెట్టుకొచ్చాడు. ఆయన 1853లో చనిపోయాడు. 1856లో ఆయన జీవితచరిత్ర వచ్చింది. ఉత్తరాలూ దినచర్య పుస్తకాలూ ఏరి, కూర్చి, దాన్ని తయారుచేసింది భార్య హేరియట్. మొదటి పుట మీద ఆమె పేరు లేదు. ఆయన విధవరాలు కూర్చినదని మాత్రం ఉంది. పుస్తకం చేసిన మనిషికి ఆ పుస్తకంలో దొరికిన పేరు విధవరాలు.

రెండోది ఒంగోలు పుస్తకం. కోనసీమది కాకపోయినా, తెలుగు నేల మీద దళితుల మతం మార్పిడి గురించి ఎవరు మాట్లాడినా ముందు ఒంగోలు వెళ్ళాల్సిందే. జాన్ క్లౌ తన కథ చెప్పుకున్న 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' 1914లో అచ్చయింది. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళు. ఒక మనిషి, ఒక మిషన్, ఒక ఉద్యమం కథ అని దానికి ఉపశీర్షిక. ఆ మనిషి మగవాడు. పుస్తకమంతా 'నేను' అని ఆయనే మాట్లాడతాడు. రాసింది మాత్రం భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ఆయన కోసం ఆయన భార్య రాసిపెట్టిందని మొదటి పుట ఒప్పుకుంటుంది. ఈ ఎమ్మా ఎవరు? స్త్రీ హక్కుల గురించి రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద 1898లో ఒక అధ్యయన గ్రంథం అచ్చేసిన మనిషి. 1899లో మాదిగల జీవితం మీద 'వైల్ సోయింగ్ శాండల్స్' తన పేరుతోనే వేసిన మనిషి. అంతటి మనిషి చివరికి భర్త 'నేను'లోకి వెళ్ళి కూర్చుంది. ఇది ప్రేమా, విధేయతా, చనిపోయిన సహచరుడి పట్ల బాధ్యతా? మూడూ కావచ్చు. మూడూ అయినా సరే, ఆ 'నేను' ఇద్దరిది.

మూడోది మన డెల్టాది. 1836 నుంచి 1936 దాకా గోదావరి డెల్టా మిషన్ నూరేళ్ళ పనిని ఇ.బి. బ్రోమ్లీ పుస్తకంగా రాశాడు. పేరు 'దే వర్ మెన్ సెంట్ ఫ్రమ్ గాడ్'. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను గురించి ఉన్న మాటను తీసుకుని పెట్టిన పేరది. దేవుడు పంపిన మగవాళ్ళు. లోపల భార్యల ప్రస్తావన లేదని కాదు. నూరేళ్ళ పనికి ఒక్క పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు ఎవరు లెక్కలోకి వచ్చారన్నదే మా మాట. ఓడ ఎక్కిన దంపతులు ఇద్దరిద్దరుగా ఎక్కారు. మొదటి పుట మీద సగం మందే దిగారు.

ఆ మిగతా సగం ఏం చేసింది? బీర్ చెప్పులు కుట్టేవాడు. బౌడెన్ రాళ్ళు చెక్కేవాడు. డెవన్ ప్రాంతపు చేతిపని కుటుంబాలు వీళ్ళవి. వెనక జీతమిచ్చే మిషన్ బోర్డు లేదు. నెల జీతం లేని ఇంట్లో పొయ్యి వెలిగించటం ఎవరి పని? తెలియని భాషలో బజారు చేసిందెవరు, జ్వరాల మధ్య పిల్లల్ని పెంచిందెవరు, ఇంటికొచ్చిన వాళ్ళకి కూర్చోటానికి చోటిచ్చిందెవరు? బీర్ 1853లో చనిపోయాడు. తర్వాత కొడుకులు అదే పనిలోకి వచ్చారు. తండ్రి పోయిన ఇంట్లో కొడుకులు మళ్ళీ అదే దారి పట్టారంటే మధ్యలో ఆ దారి మూసుకుపోకుండా ఎవరో నిలబడ్డారన్నమాట. ఆ నిలబడటాన్ని పరిచర్య అనకపోతే ఇంక దేన్ని అంటాం?

అయితే దొరసాని పేరు వెతికిపెట్టడంతో మన పని అయిపోదు. దొరసాని పేరు వెనక్కి పోయింది. ఆమె ఇంట్లో పనిచేసిన ఆయా పేరు అసలు రానే లేదు. వీధి వీధీ తిరిగి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీ లెక్కల పుస్తకంలో ఒక ఖర్చుగా మిగిలింది. తెల్ల భార్యకి జరిగిన అన్యాయం ఒక మెట్టు. దళిత స్త్రీకి జరిగింది దాని కింద ఇంకో రెండు మెట్లు. ఎమ్మా పుస్తకాల్లో ఎర్రగుంట్ల పేరయ్య పక్కన అతని భార్య నాగమ్మ కనిపిస్తుంది. 1866లో ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలు మాదిగల ఉద్యమానికి మొదలు ఆ ఇల్లే. నాగమ్మ పేరు మనదాకా వచ్చింది. అట్లా రాని నాగమ్మలు ఎందరు?

ఇక్కడ మా అసలు వాదన. దళితుల ఇళ్ళల్లో ఆలుమగల పని ఎప్పుడూ జంట పనే. 1847 నుంచి 1852 దాకా కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినప్పుడు ఈ మిషన్ వాళ్ళు అక్కడి కూలీల మధ్య బోధించారు. మట్టిపనిలో మగవాడు పార పడితే ఆడమనిషి తట్ట మోస్తుంది. పారకి ఒక గొప్ప, తట్టకి ఒక నామోషీ అక్కడ లేదు. తట్ట ఆగితే పార కూడా ఆగుతుంది. ఇట్లాంటి జనం విశ్వాసంలోకి వచ్చినప్పుడు జంటగానే వచ్చారు. 'అయ్యగారి వెనక అమ్మగారు' అన్న వరస పేటలో పుట్టింది కాదు. సగం దొరల డ్రాయింగు రూము నుంచి వచ్చింది, సగం అగ్రహారం పతివ్రత కథల్లోంచి వచ్చింది. గుడి మారింది, పుస్తకం మారింది, పతిభక్తి మాత్రం గుమ్మం దాటి లోపలికొచ్చి కూర్చుంది.

దీనికి వాక్యాన్ని అడ్డు పెడతారు. సరే, వాక్యమే చూద్దాం. ఆదికాండం రెండో అధ్యాయంలో స్త్రీని సాటియైన సహాయం అన్నారు. సహాయం అంటే కింద ఉండేదని బోధిస్తారు. 121వ కీర్తనలో భక్తుడు కొండల వైపు చూసి ఎదురుచూసేది కూడా సహాయం కోసమే. తెలుగు బైబిల్లో రెండు చోట్లా అదే మాట. హీబ్రూలోనూ అదే మాట. సహాయం చేసేవాళ్ళు తక్కువైతే దేవుడు కూడా తక్కువేనా? అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టి బతికిన జంట. పౌలు వాళ్ళతో కలిసి పనిచేశాడు. రోమా సంఘానికి వందనాలు రాసేటప్పుడు పదహారో అధ్యాయంలో ఆమె పేరు ముందు పెట్టాడు. ఇద్దర్నీ జతపనివారన్నాడు. కోనసీమలో ఎన్ని శుభలేఖల మీద, ఎన్ని కరపత్రాల మీద ఆ వరస చూశాం?

ఇప్పుడు పేటలోకి వద్దాం. పాస్టరమ్మ అంటే ఎవరు? తెల్లారి గుడి ఊడ్చేది, ఆదివారం బడిలో పిల్లలకి పాటలు నేర్పేది, స్త్రీల కూటం నడిపేది, కాన్పుకి ఆసుపత్రికి తోడెళ్ళేది, చావింట్లో రాత్రంతా కూర్చునేది, తాగొచ్చి కొట్టిన మొగుడి దగ్గరికెళ్ళి అడిగేది. భర్త ఊరూరా కూటాలకి వెళ్తే సంఘం పగిలిపోకుండా చూసేది. కానుకలు చాలని నెలలో ఊడ్పులకో, కొబ్బరి పీచు పనికో పోయి ఇల్లు గడిపేది కూడా చాలాచోట్ల ఆమే. ఇన్ని చేసినా మైకు ముందుకి పిలిచేటప్పుడు 'ఫలానా పాస్టరు గారి సతీమణి'. సహోదర సమాజాల్లో ఆమె కూటంలో నిలబడి బోధించటానికి వీల్లేదు. 2013లో నంద్యాలలో పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్ అయింది. అదే రాష్ట్రంలో ఎన్నో గుళ్ళల్లో ఆడమనిషి ప్రార్థన ఇంకా చివరి బెంచీ దగ్గరే ఆగిపోతోంది.

భర్త చనిపోయిన రోజున అసలు సంగతి బయటపడుతుంది. గుడి ఎవరిది, గుడి పక్క గది ఎవరిది, ఆమె ఎక్కడికి పోవాలి? ముప్పై ఏళ్ళు పొగిడిన నోళ్ళు అప్పుడు మాట్లాడవు. పని చేసినట్టు కాగితం మీద లేదు గనక హక్కు కూడా లేదు. మేం పేర్ల గురించి ఇంత గోల చేయటం అందుకే. పేరు అలంకారం కాదు, హక్కుకి మొదటి రుజువు.

కాగితం దగ్గర ఇంకో మెలిక కూడా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఇచ్చి క్రైస్తవులకి ఇవ్వలేదు. అందుకని పిల్లల చదువు కోసం ఎంతోమంది తల్లులు గుడిలో ఒక పేరుతో, మండలాఫీసులో ఇంకో పేరుతో బతకాల్సి వస్తోంది. విశ్వాసాన్ని దాచుకుని పిల్లల్ని చదివించిన తల్లిని అవిశ్వాసి అనే ప్రసంగీకుణ్ణి మేం ఒకటే అడుగుతాం. ఆ రెండు పేర్ల బరువు ఎవరు మోశారు?

'నామం కోరకుండా సేవ చెయ్యాలి, ఇది తగ్గింపు' అని పెద్దలంటారు. తగ్గింపు మంచిదే. ఇద్దరిలో ఒకరికే ఎప్పుడూ వాటాకొచ్చేది తగ్గింపు కాదు, తగ్గించటం. 'ఇది చర్చి లోపలి గొడవ, దళిత ఉద్యమానికెందుకు?' అని కార్యకర్తలంటారు. పేరు విలువేమిటో అమలాపురం కంటే ఎవరికి బాగా తెలుసు? 2022 మే 24న జిల్లా పేరులో అంబేడ్కర్ పేరు వద్దని ఆ ఊళ్ళో ఇళ్ళు తగలబెట్టారు. పేరు ఒట్టి అక్షరాలే అయితే అంత మంట ఎందుకు లేచింది? బయట పేరు కోసం నిలబడ్డ మనం లోపల ఆలి పేరు మర్చిపోతే ఎట్లా? మన సభల్లో కూడా 'ఫలానా నాయకుడి భార్య' అని శాలువా కప్పి కూర్చోబెట్టటం లేదా?

కాబట్టి విద్యార్థులకీ ఉపాధ్యాయులకీ మా మనవి. మీ పేట గుడి చరిత్ర రాయండి. ముసలమ్మల దగ్గర కూర్చోండి. ఎవరు మొదట నమ్మారు, ఎవరింట్లో మొదటి కూటం జరిగింది, ఆ రాత్రి అన్నం ఎవరు వండారు అని అడగండి. భార్య పేరు ఆమె సొంత పేరుగా రాయండి, ఇంటిపేరుతో సహా. సంఘాల్ని కూడా అడగండి. ఇద్దరూ పని చేస్తే కానుకలో ఇద్దరికీ వాటా ఉండాలి, ఒకరు పోతే రెండోవాళ్ళకి నీడ ఉండాలి, ఇవి రిజిస్టరులో ఎక్కాలి.

పెళ్ళిళ్ళల్లో, భూస్థాపనల్లో అందరూ చదివే అధ్యాయం సామెతలు 31. గుణవతి అయిన భార్యను గురించినది. ఆమె పొలం చూసి కొంటుంది. మన పేట ఆడవాళ్ళు తరతరాలుగా పరాయి పొలంలో ఊడ్చారు. ఆమె భర్త పెద్దల నడుమ గవిని దగ్గర కూర్చుంటాడు. మనవాళ్ళు ఇక్కడిదాకా గట్టిగా చదువుతారు. అధ్యాయం ఇక్కడ ముగియదు. ఆమె చేతులు పండించింది ఆమెకి ఇచ్చెయ్యమని చెప్పి ముగుస్తుంది. ఇక మీదట ఆ చివరి వచనం దాకా చదవమని మేం అడుగుతున్నాం.